వాలిన చోటే గుర్తు

వరి చేలో దిగిన ఎయిర్‌బస్, ఆఖరిసారి చక్రాలు ఆనించడానికి విశాఖ వచ్చిన నౌకాదళ విమానం, జాతీయ రహదారినే రన్‌వే చేసుకున్న ఆంటొనోవ్... పైలట్లు జీవితాంతం చెప్పుకునే ఘడియల్లో మన నేలకూ వాటా ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో విమానాశ్రయం మాట గట్టిగా వినబడుతున్న ఈ రోజుల్లో ఆ కథలు ఒకసారి తిరగేయాలి.

1993 నవంబరు 15. మద్రాసులో లేచిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 440 విమానం బేగంపేట మీదికి వచ్చేసరికి కింద రన్‌వే సరిగా కనబడటం లేదు. దిగబోయి, ఆ ప్రయత్నం మానుకుని మళ్లీ పైకి లేపారు. అలా లేపినప్పుడు రెక్కల వెనకంచున కిందికి జారి ఉన్న ఫ్లాపులను లోపలికి తీసుకోవాలి. మీట నొక్కారు. ఫ్లాపులు కదల్లేదు.

ఫ్లాపు ఏం చేస్తుందో తెలిస్తే తప్ప ఆ కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్ల గుండె ఎందుకు జారిందో అర్థం కాదు. దిగేటప్పుడు విమానం వేగం తగ్గాలి. వేగం తగ్గితే రెక్క మోయలేదు. అందుకని రెక్క వెనకవైపు ఒక పలకను కిందికి దించి, తక్కువ వేగంలోనూ గాల్లో నిలబడేలా చేస్తారు. నేల దగ్గరున్నప్పుడు అది అండ. దూరం పోవాల్సి వస్తే అదే గుదిబండ. గాలి దాన్ని పట్టుకుని వెనక్కి లాగుతుంది. వేగం పెంచడానికి వీలుండదు, ఇంధనం మాత్రం కరిగిపోతూ ఉంటుంది. బేగంపేట మీద వాతావరణం తెరిపిస్తుందేమోనని కాసేపు చూసి, లాభం లేక మద్రాసుకు తిరుగుముఖం పట్టారు. ట్యాంకుల్లో ఉన్నది అక్కడిదాకా చాలలేదు. తిరుపతి సమీపంలో, వరి పొలాల్లో, 262 మందితో ఆ ఎయిర్‌బస్ ఏ300 నేలకు దిగింది.

దాదాపు వంద టన్నుల బరువు. కింద తడి నేల, గట్లు. చీకట్లో రన్‌వే దీపాల వరుసను చూసుకుంటూ దిగడం అలవాటైన చేతులకు ఆ పూట ఆ భాగ్యమే లేదు. విమానం మళ్లీ ఎగరడానికి పనికిరాకుండా పోయింది. మనుషుల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

విమానాలు నడిపినవాళ్ల జ్ఞాపకాలు ఎన్ని చదివినా, ఎందరి నోట విన్నా ఒక సంగతి పట్టుబడుతుంది. ఎక్కినవాళ్లకు లేచిన క్షణం గుర్తుంటుంది. కిటికీ పక్క సీటు, కింద చిన్నవైపోతున్న ఇళ్లు, చెవులు దిబ్బడ వేయడం. నడిపినవాళ్లకు వాలిన చోటు గుర్తుంటుంది. ఏ గాలిలో, ఎంత ఇంధనంతో, ఏ నేల మీద చక్రం ఆనిందో ముప్ఫై ఏళ్ల తర్వాత అడిగినా పూసగుచ్చినట్టు చెబుతారు.

ఇలాంటిదే కెనడాలో పదేళ్ల ముందు జరిగింది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కి ఇంధనం లెక్క కిలోల్లో వేయాల్సింది పౌండ్లలో వేశారు. 41 వేల అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు సరదాగా గ్లైడర్లు నడిపే అలవాటుంది. ఇంజను లేని విమానాన్ని జారుడు మీద ఎలా తేవాలో ఆయన చేతులకు తెలుసు. గిమ్లీ అనే ఊళ్లో పాడుబడ్డ వైమానిక స్థావరం రన్‌వే మీద దాన్ని దింపాడు. అందులో ఉన్న 69 మందీ బతికారు. ఆ విమానానికి గిమ్లీ గ్లైడర్ అని పేరొచ్చింది, పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది. తిరుపతి చేలకు అలాంటి అదృష్టం పట్టలేదు. 262 మంది బతికి బయటపడిన కథను తెలుగువాళ్లమే మరిచిపోయాం. మనం చావులను గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా తప్పిన చావులను గుర్తుపెట్టుకోం కదా!

తల మీదుగా పోయేదే తప్ప...

పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో నిలబడితే మనకు తెలిసిన ప్రయాణాలన్నీ చుట్టూనే ఉంటాయి. జాతీయ రహదారి 16 మీద లారీలు, పలాస స్టేషన్లో ఆగే హౌరా మార్గపు రైళ్లు, తీరాన వేటకు పోయే బోట్లు. విమానం మాత్రం ఎప్పుడూ తల మీదుగా పోయేదే. జీడి తోటలో పిక్కలు ఏరుతున్నవాళ్లు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ పనిలో పడతారు. విమానం ఎక్కాలంటే విశాఖ దాకా పోవాలి, దాదాపు 200 కిలోమీటర్లు. గల్ఫ్‌కో సింగపూర్‌కో వెల్డింగు, ఫిట్టరు పనులకు వెళ్లే ఉద్దానం కుర్రాళ్లలో చాలామందికి రాత్రంతా రైల్లో కూర్చుని ఏ చెన్నైకో హైదరాబాదుకో చేరితే గానీ విమానం మెట్లు కనబడవు.

అలాగని ఈ తీరానికి విమానాలు కొత్తేమీ కాదు. మొదటి పరిచయం మాత్రం మంచిది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. వైస్ అడ్మిరల్ ఒజావా నడిపిన ఆ నౌకాదళం బంగాళాఖాతంలో ఆ కొద్ది రోజుల్లోనే 23 సరుకు ఓడలను ముంచింది. అప్పటికి టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో.

ఆ పూట విశాఖను కాయడానికి మనకున్నదేమిటి? భారత వైమానిక దళపు వాలంటీర్ రిజర్వు పైలట్లతో ఏర్పడ్డ 6వ నంబరు తీర రక్షణ దళం. దాని చేతిలో వాపిటి విమానాలు. పైనొకటి, కిందొకటి రెండు జతల రెక్కలు, తెరిచి ఉన్న కాక్‌పిట్. ఎంత తొక్కినా గంటకు 225 కిలోమీటర్లకు మించి పోలేని పాతకాలపు బళ్లు. అలాంటి ఒక వాపిటి సముద్రం మీద గస్తీ తిరుగుతూ జపాను యుద్ధనౌకలను కనిపెట్టింది. ఆ పైలట్ స్థితి ఊహించుకోండి. కింద ఫిరంగులున్న నౌకలు, పక్కనే యుద్ధ విమానాలను మోసే నౌక. తన చేతిలో ఉన్నది వాటిలో దేనికీ సాటిరాదు. చూసింది చూసినట్టు వెనక్కి వచ్చి చెప్పడమే అతని యుద్ధం. ఆనాడు విశాఖలో పడ్డ బాంబుల్లో ఒకదాని తొడుగు విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. వాపిటిని నడిపినవాళ్ల ఊసు మాత్రం పెద్దగా ఎక్కడా లేదు.

గంజాం గాలి

పైలట్ల సంగతి మాట్లాడుతూ పొరుగువాళ్లను వదిలేస్తే తప్పు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మనమూ, బరంపురమూ, భంజనగరమూ ఒకే గంజాం జిల్లా. ఆ గంజాం జిల్లా బెల్లగుంఠ పూర్వీకుల ఊరుగా గలవాడు బిజూ పట్నాయక్. తర్వాత ఒడిశా ముఖ్యమంత్రిగా దేశానికి తెలిశాడు గానీ, అంతకంటే ముందు ఆయన పైలట్. భార్య జ్ఞాన్ కూడా పైలటే.

1947 జులైలో ఇండొనేసియా మీద డచ్చివాళ్లు దాడికి దిగారు. ఆ దేశపు నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను బయటికి తెచ్చి ప్రపంచానికి వాళ్ల గోడు వినిపించాలని నెహ్రూ అనుకున్నారు. తెచ్చేదెవరు? ఆ ఆకాశం డచ్చివాళ్ల గుప్పిట్లో ఉంది. బిజూ డకోటా విమానం వేసుకుని వెళ్లి, జావాలో దిగి, షహ్రీర్‌ను ఎక్కించుకుని సింగపూర్ మీదుగా ఢిల్లీ చేర్చారు. అదే ఏడాది అక్టోబరులో కశ్మీరుకు సైన్యాన్ని మోసిన డకోటాల్లోనూ ఆయనది ఉంది. శ్రీనగర్ రన్‌వే అప్పటికి ఎవరి చేతిలో ఉందో తెలియక, ఒకటి రెండుసార్లు బాగా కిందుగా తిరిగి చూసుకుని మరీ దింపారని చెప్పుకుంటారు. ఇండొనేసియా ఆయనకు భూమిపుత్ర బిరుదు ఇచ్చి గౌరవించింది. ఒక పైలట్ తాను వాలిన దేశానికి బిడ్డగా లెక్కకు రావడం ఇంకెక్కడా విన్నట్టు లేదు.

బరంపురం నుంచే మరొకరు. కోట హరినారాయణ, అక్కడి తెలుగు బిడ్డ. ఆయన విమానం నడపలేదు, చేయించారు. తేలికపాటి యుద్ధ విమానం, ఇప్పటి తేజస్, ఆయన సారథ్యంలో రూపుదిద్దుకుంది. 2001 జనవరి 4న బెంగళూరులో వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ దాన్ని తొలిసారి పైకి లేపి 18 నిమిషాల తర్వాత దింపారు. కొత్త విమానానికి తొలి పైలట్ కావడమంటే, ఇంకెవరూ దిగి చూడని యంత్రాన్ని నమ్మి దిగడం. ఆ 18 నిమిషాలూ కింద నిలబడి చూసినవాళ్లకు ఎంత పొడవుగా తోచాయో వేరే చెప్పాలా?

విశాఖ బీచ్‌లో ఆగిన టుపొలెవ్

సెలవుల్లో పలాస నుంచి పిల్లల్ని తీసుకుని విశాఖ వెళ్లిన ప్రతి కుటుంబం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూసి, రోడ్డు దాటి టుపొలెవ్ టీయూ-142 విమానం ముందు ఫొటో దిగుతుంది. రెక్క చివర నుంచి చివరికి 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు. సముద్రంలో దాక్కున్న జలాంతర్గాములను వెతకడం దాని పని. 1988లో సోవియట్ యూనియన్ నుంచి నౌకాదళంలోకి వచ్చిన ఈ రకం విమానాలు 29 ఏళ్లలో 30 వేల గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరాయి. ఫొటో దిగేవాళ్లలో ఎందరికి ఈ లెక్క తెలుసో గానీ, ఆ విమానం మీద గర్వపడాల్సింది పొడవు వెడల్పులు చూసి కాదు.

2017 మార్చి 29న అరక్కోణంలో వాటికి వీడ్కోలు చెప్పారు. బీచ్‌లో మ్యూజియంగా ఉంచడానికి ఎంచిన విమానం ఏప్రిల్ 8న తన రెక్కల మీదనే విశాఖ వచ్చింది. ఆ రోజు దాన్ని నడిపిన సిబ్బందికి తెలుసు, ఇక ఈ విమానం లేవదని. మామూలుగా ఏ పైలట్‌కూ ఇది విమానానికి ఆఖరి ల్యాండింగ్ అని ముందే తెలియదు. వాళ్లకు తెలిసి దింపాల్సి వచ్చింది. తర్వాత దాన్ని ముక్కలుగా విప్పి, రోడ్డు మీద తెచ్చి, బీచ్‌లో మళ్లీ కూర్చారు. ఆ డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు.

విశాఖ విమానాశ్రయమే ఒక వింత. మనం టిక్కెట్ కొనుక్కుని వెళ్లేది ఐఎన్ఎస్ డేగ అనే నౌకాదళ స్థావరానికి. రన్‌వే వాళ్లది, చుట్టూ కొండలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ విమానాశ్రయం పైకప్పును పీకి పారేసింది. ఐదు రోజుల్లో, 17వ తేదీకి, మళ్లీ ప్రయాణికుల విమానాలు దిగాయి. అదే డేగలో 2025 జులై 3న సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా యూనిఫాంకు రెక్కల బిళ్ల పెట్టారు. నౌకాదళంలో యుద్ధ విమానాల విభాగానికి ఎంపికైన తొలి మహిళ ఆమె.

పారాచూట్ మీద దిగినవాడు

అన్ని ల్యాండింగులూ చక్రాల మీద జరగవు. 1999 మే 27, కార్గిల్ యుద్ధం. తెలుగు కుటుంబానికి చెందిన ఫ్లయిట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత మిగ్-27తో బతాలిక్ ప్రాంతంలో శత్రు స్థావరాల మీద రాకెట్లు వదిలారు. ఆ వెంటనే ఇంజను ఆరిపోయింది. పలుచని గాలి, కింద మంచు కొండలు. మళ్లీ రాజేయడానికి ప్రయత్నించి, కుదరక సీటుతో సహా బయటికి దూకారు. అతన్ని వెతుకుతూ మిగ్-21లో వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా విమానాన్ని క్షిపణితో కూల్చారు. ఆహుజా తిరిగి రాలేదు.

నచికేత పాకిస్తాన్ సైనికులకు చిక్కి, జూన్ 3న విడుదలై వచ్చారు. మనం టీవీల్లో చూసి చప్పట్లు కొట్టిన భాగం అంతవరకే. ఆ తర్వాతిది నాకు ఇంకా పెద్దదిగా తోస్తుంది. అలా దూకి ఆయనలా వెన్నుకు దెబ్బ తగిలినవాళ్లకు యుద్ధ విమానం మళ్లీ దక్కదు. దాని వేగానికి, మలుపుల్లో పడే బరువుకు వెన్నెముక తట్టుకోవాలి. ఆఫీసు కుర్చీలో కూర్చుని పదోన్నతులు లెక్కపెట్టుకోవచ్చు. ఆయన కూర్చోలేదు. ఐఎల్-76 అనే భారీ రవాణా విమానానికి మారి మళ్లీ ఎగిరారు. గ్రూప్ కెప్టెన్‌గా 2017లో పదవీ విరమణ చేశారు. ఒకసారి అలా దిగిన మనిషి మళ్లీ పైకి వెళ్లడం కంటే గుర్తుండిపోయే టేకాఫ్ ఇంకేముంటుంది!

ధ్రువం దాటి బెంగళూరు

2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777 లేచింది. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. తన్మయి మన తెలుగమ్మాయి. రెండు నగరాల మధ్య నేరు దూరం దాదాపు 14 వేల కిలోమీటర్లు. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, పదిహేడు గంటల పైచిలుకు ప్రయాణం తర్వాత 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగారు.

ధ్రువం మీదుగా వెళ్లడంలో కష్టం చలిలో ఉంటుంది. అమెరికాలో నింపే జెట్ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టే గుణం కలది. బయటి గాలి అంతకంటే చల్లగా ఉంటే రెక్కల్లోని ఇంధనం క్రమంగా చల్లబడుతూ పోతుంది. పైలట్ గంటగంటకూ ఆ అంకె చూసుకుంటూ, అవసరమైతే కిందికి దిగో, వేగం పెంచో దాన్ని కాపాడుకోవాలి. ధ్రువాల దగ్గర దిక్సూచి ముల్లును నమ్మడానికి వీల్లేదు. మధ్యలో ఏదైనా అయితే దిగడానికి ఉన్నవి ఆర్కిటిక్ మంచులో చిన్న విమానాశ్రయాలు. అందుకే విమానంలో చలి దుస్తులు కూడా పెట్టుకుని బయల్దేరతారు. అన్ని గంటలూ వాళ్ల మనసులో నడిచే లెక్క ఒకటే. ఇప్పుడు దిగాల్సి వస్తే ఎక్కడ?

మన ఊళ్ల పిల్లలకు ఇంకో పేరు కూడా చెప్పాలి. యానీ దివ్య విజయవాడలో పెరిగింది. పదిహేడేళ్లకు ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్ ప్రభుత్వ ఫ్లయింగ్ అకాడమీలో చేరింది. అక్కడ ఆమెను ఇబ్బంది పెట్టింది విమానం కంటే ఇంగ్లిషే. మాట్లాడితే నవ్వేవాళ్లని ఆమే తర్వాత చెప్పుకుంది. 2017లో, ముప్ఫై ఏళ్లకు, బోయింగ్ 777 కమాండర్ అయింది. అప్పటికి ప్రపంచంలో ఆ విమానానికి అంత చిన్న వయసులో కమాండరైన మహిళ లేదు. తెలుగు మీడియంలో చదివి, ఆకాశం మనది కాదనుకుని కూర్చునే పిల్లకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

మన రోడ్డు మీదే

కాశీబుగ్గ పక్కనుంచి పోయే జాతీయ రహదారి 16 మీదే విమానాలు దిగాయంటే నమ్ముతారా? ఇదే రోడ్డు మీద దక్షిణంగా పోతే అద్దంకికి సమీపంగా కొరిశపాడు వస్తుంది. అక్కడ 4.1 కిలోమీటర్ల మేర రహదారిని అత్యవసర రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబరు 29న తొలిసారి యుద్ధ విమానాలు వచ్చి, నేలకు అందేంత కిందికి దిగి, ఆనకుండా లేచిపోయాయి. 2024 మార్చి 18న మాత్రం ఆంటొనోవ్-32, డోర్నియర్ రవాణా విమానాలు నిజంగానే దిగి, మళ్లీ లేచాయి. లారీలు పోయిన మరునాడే అదే చోట వైమానిక దళం! తుపాను వచ్చి రన్‌వేలు మునిగినా, యుద్ధం వచ్చి విరిగినా దిగడానికి ఒక చోటుండాలని ఈ ఏర్పాటు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి, గంటకు 150 కిలోమీటర్ల గాలితో కొబ్బరి తోటలను నేలకూల్చిన రోజును చూసినవాళ్లకు దీని అవసరం విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి ముక్క ఒకటి మన ఇచ్ఛాపురం, నరసన్నపేట మధ్యా ఉండాలని నేనంటాను.

ఇక ఉద్దానం

భోగాపురం కొత్త విమానాశ్రయంలో 2026 జనవరి 4న తొలి విమానం పరీక్షగా దిగింది. కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్‌నాయుడు మన జిల్లావాడు, నిమ్మాడవాసి. పలాసకూ విమానాశ్రయం వస్తుందంటున్నారు. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో స్థలం చూశారు. వెయ్యికి పైగా ఎకరాలు కావాలి. అక్కడున్నవి కొబ్బరి, జీడి, పనస తోటలు. రైతులు వద్దంటున్నారు, వ్యాపారులు కావాలంటున్నారు. తోటల లెక్క, పరిహారం లెక్క, ఉద్యోగాల లెక్క సభల్లో వింటున్నాం. పైలట్ అడిగే ప్రశ్నలు మాత్రం ఎవరి నోటా వినబడలేదు. ఇన్ని కథలూ చెప్పింది అందుకే.

పైలట్ మొదట అడిగేది పక్షుల గురించి. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో యూఎస్ ఎయిర్‌వేస్ ఏ320 లేచిన రెండు నిమిషాలకే కెనడా బాతుల గుంపు ఎదురైంది. రెండు ఇంజన్లూ పోయాయి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్‌కు పక్షులు తగిలిన దగ్గర్నుంచి నీళ్లను తాకేదాకా ఉన్న వ్యవధి 208 సెకన్లు. వెనక్కి పోవడమా, పక్క విమానాశ్రయమా అని చూసి, రెండూ అందవని తేల్చుకుని హడ్సన్ నదిలో దింపారు. 155 మందీ బతికారు. ప్రపంచం దాన్ని అద్భుతమంది. పైలట్లు మాత్రం ఆ బాతుల సంగతే ఎక్కువ మాట్లాడుకుంటారు.

మనకున్న బాతులు ఏవి? టెక్కలి మండలం తేలినీలాపురంలో ఏటా సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా గూడబాతులు, రంగు కొంగలు వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో చిల్లుముక్కు కొంగలు దిగుతాయి. గూడబాతు ఒక్కోటి ఐదు కిలోలకు అటూఇటూగా తూగుతుంది. మేతకు నౌపడ చిత్తడి నేలలు, ఉప్పు మడులు, తంపర భూములు, చెరువులు. చెట్టు నుంచి నీటికి, నీటి నుంచి చెట్టుకు రోజూ తిరుగుతాయి. ఎండెక్కాక వేడిగాలి పట్టుకుని సుడులు తిరుగుతూ ఎత్తుకు లేస్తాయి, అదీ గుంపులుగా. విమానం దిగే దారి ఆ సుడులను ఎక్కడ కోస్తుందో కాగితం మీద గీత గీయకముందే తెలియాలి.

రెండోది ఎండుచేపలు. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో పశువులను కోయడం, చెత్త, వ్యర్థాలు పక్షులు మూగేలా పారబోయడం కూడదని చట్టం ఉంది. మన తీరంలో ఇసుక మీద చేప ఆరబెట్టని ఊరు ఏది? గద్ద మూగని రేవు ఏది? రన్‌వే వచ్చాక బెస్తవాళ్ల దగ్గరికి అధికారి వచ్చి ఇక్కడ ఆరబెట్టొద్దంటే వాళ్లు ఎక్కడికి పోవాలి? పరిహారం జాబితాల్లో తోటలున్నవాళ్ల పేర్లు ఉంటాయి. తోట లేని బెస్తవాళ్ల పేర్లు ఉండవు. ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న ఇది.

మూడోది గాలి. విమానం ఎదురుగాలికి దిగుతుంది, ఎదురుగాలికి లేస్తుంది. అడ్డంగా కొట్టే గాలి దానికి పడదు. రన్‌వే ఏ దిక్కుకు వేయాలో తేల్చేది గాలి, భూమి ఎవరిదన్నది తర్వాత. దొరికిన స్థలం ఆకారాన్ని బట్టి రన్‌వే గీస్తే తర్వాత దిగే ప్రతి పైలట్ ఆ తప్పును చక్రాల మీద మోయాలి. ఏ నెలలో సముద్రం గాలి ఏ వేళకు ఎటు తిరుగుతుందో మన రేవుల్లో తెప్ప నడిపిన పెద్దలకు వాతావరణ శాఖ కంటే ముందు తెలుసు. వాళ్లను అడిగినవాళ్లు లేరు.

నా అభిప్రాయం దాచుకోను. విమానాశ్రయం వద్దనే వాదన నాది కాదు. కిడ్నీ జబ్బుతో నలిగిన ఉద్దానానికి పెద్దాసుపత్రి రావడానికి 2023 దాకా పట్టింది. ఏ సౌకర్యం వచ్చినా ఆలస్యంగానే వస్తోంది. కానీ పక్షులు వచ్చి, గూడు కట్టి, పిల్లల్ని లేపి తిరిగి వెళ్లే ఒక పూర్తి ఏడాది పరిశీలించకుండా ఇక్కడ రన్‌వే గీయడం తప్పు. ఆ పరిశీలనలో తేలినీలాపురం దారి అడ్డమొస్తే స్థలం మార్చుకోవాలి. పక్షులను మార్చడం ఎవరి వల్లా కాదు.

దీనికి ఉద్యమాలే అక్కర్లేదు, చట్టంలోనే దారుంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కొత్త విమానాశ్రయానికి కేంద్ర పర్యావరణ అనుమతి కావాలి. అంతకుముందు ఆ ప్రాంతంలోనే బహిరంగ విచారణ జరపాలి. ప్రజలకు కనీసం 30 రోజుల గడువు ఇచ్చి ప్రకటన వేయాలి. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఆ ప్రకటన పేపర్లో కనబడిన రోజున మందస, వజ్రపుకొత్తూరు, పలాస వాసులు చేయాల్సిన పని ఒకటే. తెలుగు సారాంశం అడిగి తీసుకోండి. అందులో పక్షులు, ఎండుచేపలు, గాలి గురించి ఏం రాశారో చూడండి. రాయకపోతే విచారణకు వెళ్లి, మైకు పట్టుకుని, ఆ మూడూ రాతపూర్వకంగా నమోదు చేయించండి.